నల్లరాయి క్వారీ బురదనీరు: పూడిక చెరువుల డిజైన్, నిర్వహణపై ఒక కేస్ స్టడీ

గోదావరి పశ్చిమ డెల్టాకు ఎగువన, కొవ్వూరు, దేవరపల్లి మండలాల మెట్ట భూముల్లో నల్లరాయి క్వారీలు వరసగా ఉంటాయి. పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం పేర్లు ఈ జిల్లాల్లో రోడ్డు పని, స్లాబు పని చేసే వాళ్ళకు బాగా తెలిసినవే. డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రే తప్ప రాయి దొరకదు. కాబట్టి కింద కట్టే ఇల్లూ, వంతెనా, రోడ్డూ చాలావరకు ఈ మెట్ట రాయి మీదే ఆధారపడ్డాయి. ఆ రాయి తీసే చోట వానాకాలంలో పుట్టే బురద కూడా డెల్టాకే దిగుతుంది. అలాంటి ఒక క్వారీలో పూడిక చెరువును, అంటే బురదనీటిని ఆపి మట్టిని అడుగుకు దించే చెరువును, తిరగ డిజైన్ చేసి, కొన్ని వానాకాలాల పాటు దగ్గరుండి నడిపించిన పని గురించి రాస్తున్నాను. క్వారీ పేరు, ఊరి పేరు ఇవ్వడం లేదు. అక్కడి పరిస్థితి ఈ చుట్టుపక్కల చాలా క్వారీల్లో కనిపించేదే.

అసలు సంగతి ముందే చెబుతాను. చెరువు ఎంత పెద్దది తవ్వాలి అనేది రెండో ప్రశ్న. దానిలోకి ఏ నీరు రావాలి, ఏ నీరు రాకూడదు అనేది మొదటి ప్రశ్న. మేం తగ్గించిన బురదలో ఎక్కువ భాగం చెరువు బయట చేసిన పనుల వల్లే తగ్గింది.

కింద ఉన్నవాళ్ళకు ఎందుకు ముఖ్యం

క్వారీకి దిగువన ఊరి చెరువు ఉంది. దాని కళింగ మీదుగా మిగులు నీరు వాగులో పడి, చివరికి ఎర్ర కాలువలో కలుస్తుంది. ఎర్ర కాలువ నిడదవోలు దగ్గర నందమూరు అక్విడక్టు వద్ద ఏలూరు కాలువ కింద నుంచి దాటి, యనమదుర్రు డ్రెయిన్‌గా తాడేపల్లిగూడెం, భీమవరం వైపు సాగుతుంది. మెట్టలో నేల వాలు ఎక్కువ కాబట్టి నీరు బురదను మోసుకుపోతుంది. డెల్టాలోకి దిగాక వాలు దాదాపు ఉండదు. నీటి వేగం పడిపోగానే మోసుకొచ్చిందంతా డ్రెయిన్ అడుగున మేట వేస్తుంది. దానికి గుర్రపుడెక్క తోడైతే డ్రెయిన్ లాగడం మానేస్తుంది, వరి చేలు ముంపులో ఉండిపోతాయి. ఒక్క క్వారీ వల్ల ఇదంతా జరుగుతుందని అనను. కానీ పైన పొలాలు, రోడ్లు, క్వారీలు, గ్రావెల్ తవ్వకాలు వదిలిన మట్టి అంతా కలిసి అక్కడికే చేరుతుంది. మన వంతు మనం ఆపాల్సిందే.

దగ్గర్లోని ఇబ్బంది ఇంకా స్పష్టంగా కనిపించేది. ఊరి చెరువు కింద రైతులు నారుమళ్ళకు నీళ్ళు పెట్టుకుంటే లేత నారు మీద బురద పొరలా అంటుకుని ఆకులు వాలిపోయేవి. బోదెలు ఏటా పూడిపోయేవి. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా క్వారీ యాజమాన్యం ఉన్న గుంతను ఇంకొంచెం లోతు తవ్వించేది. అది సుమారు గుండ్రంగా, బాగా లోతుగా ఉన్న గుంత. నీరు వచ్చే దారి, పోయే దారి దాదాపు పక్కపక్కనే ఉండేవి. బురదనీరు ఒక మూల నుంచి వచ్చి, మిగతా నీటిని కదిలించకుండానే పక్క మూల నుంచి పొర్లిపోయేది. ఎంత లోతు తవ్వినా ఆ దారి మారలేదు.

డెల్టాకు ఒండ్రు మంచిదే కదా, దాన్ని ఎందుకు ఆపడం అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం వల్ల తీరానికి మట్టి చాలడం లేదన్నది నిజం. కానీ తీరాన్ని నిలబెట్టేది గోదావరి పాయలు సముద్రం దాకా మోసుకెళ్ళే ఇసుక, ఒండ్రు. మురుగు కాలువలో సగం దారిలో దిగబడే క్వారీ బంకమట్టి ఆ తీరానికి చేరదు. అది రైతు పొలం గట్టు పక్కనే ఆగిపోతుంది.

బురద ఎక్కడ పుడుతోంది

డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చోవడానికి ముందు వానలో గొడుగు పట్టుకుని క్వారీ అంతా నడిచాం. ఈ నడక చేయకుండా వేసిన డిజైన్‌ను నేను నమ్మను. ఎండలో చూస్తే క్వారీ అంతా ఒకేలా దుమ్ముగా ఉంటుంది. వానలో ఏ నీరు ఎర్రగా ఉంది, ఏది బూడిద రంగులో ఉంది, ఏది తేటగా ఉంది అన్నది కళ్ళకు కడుతుంది.

తవ్వే గుంత లోపలి నీరు అనుకున్నంత చెడ్డది కాదు. అది గుంత అడుగున సంప్‌లోనే (నీరు చేరే పల్లంలోనే) నిలిచి చాలావరకు తేరుకుంటోంది. క్రషర్ యార్డులో డస్ట్ గుట్ట నుంచి కొట్టుకొచ్చేది బూడిద రంగు నీరు. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ అందులో ఉన్నది ఎక్కువగా రాతి పొడి, త్వరగానే కిందికి దిగుతుంది. అసలు దోషి టిప్పర్లు తిరిగే రోడ్డు. గుంత నుంచి క్రషర్ దాకా ఉన్న ఆ వాలు రోడ్డును పైమట్టి పోసి చదును చేశారు. చక్రాల కింద అది మెత్తటి పిండిగా మారి, ప్రతి వానకూ కొట్టుకుపోతోంది. మళ్ళీ మట్టి పోస్తున్నారు, మళ్ళీ పోతోంది. రాయి అమ్ముకునే చోట రోడ్డు మీద మట్టి పోయడం ఏమిటని అడిగితే, మెటల్ (కంకర) అమ్ముడుపోతుంది, మట్టి ఊరికే వస్తుంది అన్నారు.

రెండో దోషి పైమట్టి గుట్ట. ఈ ప్రాంతపు నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. పంగిడి, దుద్దుకూరు, గోదావరి అవతల కాతేరు దగ్గర రెండు లావా పొరల నడుమ శిలాజాలున్న సున్నపు పొర ఒకటి కనిపిస్తుంది. దానితో పాటు బంకమట్టి కూడా వస్తుంది. నల్లరాయి చివికి మట్టిగా మారినప్పుడు కూడా నీరు తగిలితే ఉబ్బే బంకమన్నే ఎక్కువగా తయారవుతుంది. రేగడి నేల గుణం తెలిసిన రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మట్టిని నీటి దారికి అడ్డంగా గుట్ట పోసి ఉంచారు.

ఇక మూడోది బురద కాదు, తేటనీరు. క్వారీకి ఎగువన జీడిమామిడి తోటలున్నాయి. ఆ తోటల్లోంచి దిగే వాననీరు దాదాపు తేటగా వచ్చి, క్వారీ రోడ్డు ఎక్కి, బురదైపోయి, మన చెరువులో పడుతోంది. చెరువుకు వచ్చే నీటిలో దాదాపు సగం ఇదే.

తేటనీటిని తప్పించడం

చెరువులోకి నీరు దిగే మొత్తం విస్తీర్ణం 31 హెక్టార్లు. అందులో తోటలు 19, క్వారీ రోడ్డు, యార్డు, గుట్టలు కలిపి 12. గంటకు 50 మి.మీ. తీవ్రతతో వాన పడిందనుకుని లెక్క వేశాం. ప్రవాహ గుణకాన్ని (పడిన వానలో ఎంత వంతు పారుతుందో చెప్పే అంకెను) వాన తీవ్రతతో, హెక్టార్లతో గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందో తెలుస్తుంది. తోటలకు గుణకం 0.35 తీసుకుంటే 0.92, క్వారీ నేలకు 0.6 తీసుకుంటే సరిగ్గా 1.0 వచ్చాయి. అంటే తోటల నీటిని పక్కకు తిప్పేస్తే చెరువు మోయాల్సిన బరువు దాదాపు సగానికి తగ్గుతుంది.

క్వారీ ఎగువ అంచున గార్లండ్ డ్రెయిన్ తవ్వి, ఆ నీటిని చుట్టూ తిప్పి, నేరుగా వాగులో కలిపాం. ఇందులో జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. తేటనీటిని మళ్ళించే కాలవే కోసుకుపోయి కొత్త బురద పుట్టించగలదు. వాలు ఎక్కువున్న చోట క్వారీలో మిగిలే పెద్ద బోల్డర్లతో అడుగు పరిచాం. వాగులో కలిసే చోట నీరు దూకకుండా రాళ్ళ పరుపు వేశాం. డ్రెయిన్ పక్కన తవ్విన మట్టిని క్వారీ వైపు గట్టుగా పోశాం తప్ప తోట వైపు పోయలేదు. అటు పోస్తే మొదటి వానకే అది మళ్ళీ కాలవలోకి వస్తుంది.

రోడ్డు మీద మట్టి పోయడం ఆపించి, 40 ఎంఎం మెటల్ పరిచాం. రోడ్డును కొండ వైపుకు వాలుగా చేసి, లోపలి అంచున కాలవ తీశాం. ఆ కాలవలో బోల్డర్లతో చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టాం. కింది అడ్డుకట్ట పైఅంచు, పై అడ్డుకట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. మా దగ్గర రోడ్డు వాలు 4 శాతం, అడ్డుకట్ట ఎత్తు 60 సెం.మీ. కాబట్టి 15 మీటర్లకు ఒకటి వచ్చింది. ప్రతి దానికీ నడిమి భాగం చివర్ల కంటే ఒక జానెడు పల్లంగా ఉండాలి. లేకపోతే నీరు పక్కల నుంచి తిరిగి రోడ్డును కోస్తుంది.

పైమట్టి గుట్టను తోసి, పల్లపు వాలుకు దిద్ది, పాదం దగ్గర రాళ్ళ గోడ కట్టాం. వాలు మీద కోనసీమ నుంచి తెచ్చిన కొబ్బరి పీచు చాపలు పరిచి, వాటి సందుల్లో వట్టివేరు నాటాం. ఇది ఈ ప్రాంతానికి దక్కిన అదృష్టం అనుకుంటాను. ప్లాస్టిక్ జాలీలు తెప్పించే పని లేకుండా, పక్క సీమలోనే పీచు దొరుకుతుంది. చాప కొన్నేళ్ళలో కుళ్ళి మట్టిలో కలిసేలోపు వట్టివేరు వేళ్ళు లోతుకు దిగిపోతాయి. నాటడం మాత్రం తొలకరి జల్లులకే జరగాలి. ఆలస్యంగా నాటితే ఆ ఏడాది వేరు అంతగా పట్టదు.

చెరువు లెక్క

మట్టి రేణువు నీటిలో దిగే వేగం దాని సైజు వర్గాన్ని బట్టి ఉంటుంది. సైజు సగమైతే వేగం పావు వంతు అవుతుంది. మన ఎండల్లో ఉండే గోరువెచ్చని నీటిలో 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు సెకనుకు సుమారు 0.4 మి.మీ. దిగుతుంది. 5 మైక్రాన్ల రేణువు దిగేది సుమారు 0.025 మి.మీ. మాత్రమే.

చెరువుకు కావలసిన వైశాల్యం వచ్చే ప్రవాహాన్ని ఆ వేగంతో భాగిస్తే వస్తుంది. నీటిలో సుడులుంటాయి కాబట్టి 20 శాతం అదనంగా కలుపుకుంటాం. సెకనుకు 1 ఘనపు మీటరు నీటికి, 20 మైక్రాన్ల రేణువును ఆపాలంటే 3,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 74 సెంట్లు కావాలి. తోటల నీటిని తప్పించకపోయి ఉంటే దాదాపు ఎకరం 42 సెంట్లు అయ్యేది. 5 మైక్రాన్ల రేణువును కూడా వాన పడుతుండగానే ఆపాలంటే దాదాపు 12 ఎకరాలు కావాలి. అంత చోటు ఏ క్వారీలోనూ ఉండదు. అందుకే మా చెరువు పని ఇసుకనూ ఒండ్రునూ ఆపడం వరకే అని ముందే కాగితం మీద రాసుకున్నాం. బంకమట్టికి వేరే ఏర్పాటు.

ఈ లెక్కలో లోతు ఎక్కడా లేదన్నది గమనించాలి. యాజమాన్యం తరఫున వచ్చిన మేనేజరు గారు చివరి దాకా అడిగింది ఇదే.

“లోతెక్కువైతే నీళ్ళు ఎక్కువసేపు ఆగుతాయి కదండీ, 74 సెంట్లు యార్డులోంచి పోతే చిప్స్ ఎక్కడ పోసుకోవాలి?”

ఆయన బాధ నిజమైనదే. కానీ లోతు పెరిగితే నీరు ఎక్కువసేపు ఆగుతుంది, రేణువు దిగాల్సిన దూరమూ అంతే పెరుగుతుంది. లాభం శూన్యం. లోతు కావాల్సింది పూడిక దాచుకోవడానికి, అడుగున దిగిన బురద మళ్ళీ లేవకుండా ఉండటానికి. వాటికి 2.5 మీటర్లు చాలు. అందులో కింది 1 మీటరు పూడికకు, పై 1.5 మీటర్లు నీటికి.

చివరికి యార్డులో వాడుక తక్కువున్న పడమటి వైపు చోటు దొరికింది. 100 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఆ చెరువును వాగుకు అడ్డంగా కట్టలేదు, పక్కన కట్టాం. వాగులోనే కట్టేస్తే ఊరి మీది వరద మొత్తం మన చెరువులోంచే పోతుంది, ఏ లెక్కా నిలవదు.

పెద్ద చెరువుకు ముందు చిన్న గది ఒకటి పెట్టాం. రోడ్డు కాలవ నుంచి వచ్చే ముతక ఇసుక, రాతి పొడి ఇక్కడే ఆగిపోతాయి. దీని వెడల్పును నీటి లెక్కతో కాక పొక్లెయిన్ చేతి పొడవుతో తేల్చాం. 20 టన్నుల మిషన్ చెయ్యి సుమారు 9 నుంచి 10 మీటర్లు అందుతుంది. గట్టు మీద నిలబడి అవతలి అంచు అడుగు దాకా గీకగలగాలి. అడుగున రాళ్ళు పేర్చి సిమెంటు పోశాం. ఎక్కడ ఆపాలో ఆపరేటరుకు బకెట్ చప్పుడుతోనే తెలిసిపోతుంది. మట్టి అడుగైతే ప్రతి ఏడూ కొంచెం కొంచెం ఎక్కువ తవ్వి కట్ట పాదాన్ని బలహీనం చేస్తారు. చిన్న గదికి టిప్పరు నేరుగా వచ్చే దారి ఉండాలి. దారి లేని చెరువును ఎవరూ శుభ్రం చేయరు.

పోయే దారి విషయంలో చాలామంది పైపు వేస్తారు. పైపు దగ్గర నీరంతా ఒక చోటుకు గుంజుకుపోయి అడుగు బురదను కూడా లాగుతుంది. మేం వెడల్పాటి రాతి కళింగ కట్టాం. సెకనుకు 1 ఘనపు మీటరు నీరు 2 మీటర్ల కళింగ మీద నుంచి పోవాలంటే 44 సెం.మీ. మందంతో దూకుతుంది. 10 మీటర్ల కళింగ మీద 15 సెం.మీ. చాలు. పల్చగా పొర్లే నీరు పైపై తేటనే తీసుకుపోతుంది. దీనికి తోడు అంతకు మించిన వానల కోసం వేరే సర్‌ప్లస్ దారిని పోసిన కట్ట మీద కాకుండా తవ్వని గట్టి నేలలో తీశాం. తుఫాను రోజున కట్ట తెగకపోవడమే అన్నిటికంటే ముఖ్యం. గండి పడితే ఏళ్ళ తరబడి ఆపిన బురదంతా ఒక్క గంటలో ఊరి చెరువులోకి పోతుంది.

కట్టకు నడిమి గోడగా నల్లమట్టి, దాని మీదా పక్కలా ఎర్ర గరప కప్పాం. నల్లమట్టి నీటిని ఆపుతుంది గానీ ఎండాకాలం నోళ్ళు తెరుస్తుంది. గరప కప్పితే లోపలి తేమ నిలిచి పగుళ్ళు రావు. 20 సెం.మీ. పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పించాం. పిడికిట్లో ముద్ద నిలవాలి, నీరు మాత్రం కారకూడదు. ల్యాబ్ పరీక్ష చేయించినా, రోజువారీ పనిలో మేస్త్రికి అందుబాటులో ఉండే పరీక్ష ఇదే. కట్ట వెలుపలి పాదం వెంట ఇసుక, 6 ఎంఎం చిప్స్, 20 ఎంఎం చిప్స్ వరస పొరలుగా వేసి ఊట నీటికి ఫిల్టరు పెట్టాం. ఈ సైజులన్నీ క్రషర్ దగ్గర సిద్ధంగా ఉండేవే.

దిగని బంకమట్టి

మొదటి వానాకాలంలోనే అనుకున్నట్టు జరిగింది. ముతకదంతా ఆగింది. కళింగ మీది నీరు మాత్రం పాల టీ రంగులోనే ఉంది. ఒక లీటరు సీసాలో పట్టి కిటికీలో పెడితే రెండు మూడు రోజులైనా తేరలేదు. 2 మైక్రాన్ల రేణువు మీటరున్నర లోతు దిగాలంటే నాలుగు రోజుల పైనే పడుతుంది. అది కూడా నీరు కదలకుండా ఉంటేనే.

గోదావరికి వరద వచ్చి ఎర్రనీరు తాగాల్సి వచ్చినప్పుడు మన పెద్దవాళ్ళు ఇండుప గింజను అరగదీసి బిందెలో కలిపేవారు. పటిక చేసే పనీ అలాంటిదే. ఒకదానికొకటి దూరంగా నెట్టుకునే సన్నని రేణువులను దగ్గరకు చేర్చి, గుత్తులుగా కట్టి, బరువెక్కించి కిందికి దించుతుంది. ఆక్వా చెరువుల్లో మట్టినీరు తేర్చడానికి జిప్సం చల్లడం కూడా రైతులకు తెలిసిన పనే. మేం రెండిటినీ సీసాల్లో పరీక్షించాం. వరసగా సీసాలు పెట్టి, వాటిలో తక్కువ నుంచి ఎక్కువకు మందు కలిపి, తిప్పి, ఏది ఎంతసేపటికి తేరుతుందో రాసుకున్నాం. ప్రతి క్వారీ మట్టికీ ఈ మోతాదు వేరుగా వస్తుంది, పక్క క్వారీ లెక్క అరువు తెచ్చుకోకూడదు.

పటికతో ఒక ప్రమాదం ఉంది. అది నీటి క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని, తింటుంది. వాననీటిలో క్షారత తక్కువ కాబట్టి ఎక్కువ పోస్తే పీహెచ్ పడిపోయి, కరిగిన అల్యూమినియం చేపలకు చేటు చేస్తుంది. 6.5 కిందికి పోనివ్వకూడదని రూలు పెట్టుకున్నాం. జిప్సం నెమ్మది, మోతాదు ఎక్కువ కావాలి, కానీ పీహెచ్‌ను పెద్దగా కదిలించదు.

నడుస్తున్న నీటిలో మందు పోయడం దండగ. వాన తగ్గాక చెరువులో కళింగ మట్టానికి కింద నిలిచిన నీటికి మాత్రమే మందు వేశాం. 1,000 ఘనపు మీటర్ల నీటికి లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున 30 కిలోలు పడుతుంది. దాన్ని డ్రమ్ములో కరిగించి, పంపుతో చిమ్మి, ఒకటి రెండు రోజులు ఆగి, నీటి మీద తేలే పైపు ద్వారా పైపై నీటిని నెమ్మదిగా వదులుతాం. దీనితో వచ్చే వానకు చెరువులో చోటు కూడా ఖాళీ అవుతుంది. గుంత సంప్‌లోని నీటికీ ఇదే పద్ధతి. కళింగ మీద నీరు పొర్లుతున్నంతసేపు గుంత పంపు నడపకూడదు. ఈ ఒక్క నియమానికి క్వారీలో అన్నిటికంటే ఎక్కువ ప్రతిఘటన ఎదురైంది, ఎందుకంటే గుంతలో నీరుంటే తవ్వకం ఆగుతుంది. అందుకే గుంత అడుగులో ఒక మూలను మిగతా బెంచీ (మెట్టులా తవ్విన తలం) కంటే లోతు తీయించి, అక్కడ నీరు ఆగేలా చేశాం. తవ్వకం, నీరు రెండూ పక్కపక్కనే సాగాయి.

నీరు తేరగానే శుభ్రమైందని అనుకోకూడదు. పేలుడు పదార్థాల్లోని అమ్మోనియం నైట్రేట్ పేలకుండా మిగిలినది నీటిలో కరిగిపోతుంది. ఏ పూడిక చెరువూ దాన్ని ఆపలేదు. కాబట్టి గుంత నీటిని ఊరి చెరువుకు వదిలే ముందు అమ్మోనియా, నైట్రేట్ పరీక్ష చేయించాలి. దిగువన చేపల చెరువులుంటే మరీను. పేల్చే రంధ్రాల్లో తడి ఉన్న చోట పొడి పేలుడు మందు కాకుండా నీటికి తట్టుకునే పేలుడు మందు వాడితే సమస్య మొదట్లోనే తగ్గుతుంది. టిప్పర్ల వర్క్‌షాపు నీటిని పూర్తిగా వేరు చేసి ఆయిల్ ట్రాప్ పెట్టించాం.

ఏడాది పొడవునా పని

చెరువు కట్టడం ఒక వేసవి పని. నడపడం ఎప్పటికీ పని. చెరువు మూడు చోట్ల ఎరుపు, తెలుపు పట్టీల గేజి కర్రలు పాతించాం. పూడిక మూడో వంతుకు చేరితే తీయాలి. చెరువు పూర్తిగా నిండే దాకా ఆగితే చివరి వానల్లో అది పని చేయదు.

డెల్టా కాలువలు వేసవిలో కట్టేసి పూడిక తీసే రోజుల్లోనే మా పెద్ద పూడికతీత కూడా పెట్టుకున్నాం. మృగశిర కార్తె లోపు కట్ట, కళింగ, డ్రెయిన్లు, రోడ్డు కాలవలు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఇది అందరూ చేసేదే. ఎక్కువమంది వదిలేసేది దసరా ముందు పని. నైరుతి వానలకే చిన్న గది నిండిపోతుంది. మన తీరానికి తుఫానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 1996 నవంబరులో కోనసీమను నేలమట్టం చేసిన తుఫాను ఆ కాలంలోదే. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అలాంటి రోజు వచ్చే సరికి చిన్న గది ఖాళీగా ఉండాలి. అందుకని సెప్టెంబరు చివర్లో వాన తెరపి ఇచ్చిన రోజుల్లో ఒకసారి పొక్లెయిన్ పెట్టించాం. ఆ ఖర్చు గురించి ప్రతిసారీ వాదన జరుగుతుంది. నా అభిప్రాయంలో ఏడాదిలో ఒక్కసారే డబ్బు ఉంటే దాన్ని వేసవిలో కాక సెప్టెంబరులోనే ఖర్చు పెట్టాలి.

తీసిన పూడికను పక్కనే గట్టు మీద పోస్తే మళ్ళీ చెరువులోకే వస్తుంది. చుట్టూ చిన్న గట్టున్న మడిలో పోసి, ఆ మడి నీరు మళ్ళీ చిన్న గదిలోకే కారేలా పెట్టాం. ఎండాక తవ్వకం పూర్తయిన బెంచీల మీద మొక్కల కోసం పరిచాం. కొందరు రైతులు చెరువు మట్టి అనుకుని పొలాలకు తోలుకుంటామని అడిగారు. ఊరి చెరువు మట్టిలో ఆకులు, పేడ, కుళ్ళిన గడ్డి సారం ఉంటుంది. క్వారీ పూడికలో అది ఉండదు, రాతి పొడి, బంకమన్నే ఉంటాయి. అలా చెప్పి ఇవ్వలేదు.

కట్టను వారానికోసారి, పెద్ద వాన పడిన ప్రతిసారీ ఒక మనిషి చివరి నుంచి చివరి దాకా నడవాలి. చూడాల్సినవి ఎండ్రకాయ బొక్కలు, పందికొక్కు కన్నాలు, వెలుపలి పాదం దగ్గర ఊట. ఊట తేటగా ఉంటే ఫిల్టరు పని చేస్తోందని అర్థం. ఊట బురదగా మారితే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ రోజే నీటి మట్టం దించాలి. సర్కారు తుమ్మ మొలకలు చిన్నగా ఉన్నప్పుడే పీకించాలి. పెరిగాక నరికితే వేరు లోపల కుళ్ళి నీటికి గొట్టంలా దారి ఇస్తుంది.

ఈ పని అప్పగించడానికి ఇరిగేషన్‌లో లస్కరుగా (కాలువ కాపలాదారుగా) చేసి రిటైరైన ఒక పెద్దాయన దొరికారు. రేణువు దిగే వేగాన్ని లెక్కగట్టే స్టోక్స్ సూత్రం ఆయనకు తెలియదు. కానీ రాత్రి వాన పడితే ఎవరూ చెప్పకుండానే లాంతరు పట్టుకుని కట్ట మీదికి వెళ్ళిపోతారు. కళింగ రాళ్ళ మధ్య చెత్త అడ్డుపడితే తీసేస్తారు. ఇలాంటి మనిషికి జీతం ఇవ్వడం పొక్లెయిన్ గంటల కంటే చవక.

చెరువు చుట్టూ కంచె, బోర్డు, తాడు కట్టిన ట్యూబులు పెట్టించాం. ఒక వైపు గట్టును బాగా పల్లం వాలుగా, రాళ్ళు పరిచి ఉంచాం. పొరపాటున పశువు గానీ పిల్లవాడు గానీ దిగితే ఎక్కి రావడానికి. క్వారీ నీటి గుంతల్లో పడి పిల్లలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అడుగున బురద ఉన్న చెరువు మామూలు గుంత కంటే ప్రమాదం, కాలు దిగబడితే రాదు.

నమూనా ఎప్పుడు పట్టాలి

పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం వాగులు, చెరువుల్లోకి వదిలే నీటిలో తేలే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు, సాగు భూమి మీదికి వదిలితే 200. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. గనుల పర్యావరణ అనుమతుల్లో గార్లండ్ డ్రెయిన్లు, పూడిక చెరువుల షరతు మామూలుగా ఉంటుంది. 50 ఏళ్ళ వర్షపాతం లెక్కలో గరిష్ఠ వానకు మరో 50 శాతం కలిపి సంప్ సామర్థ్యం ఉంచాలని, పూడిక దిగేంత సమయం నీరు ఆగాలని కూడా రాస్తారు. మా దగ్గర పెద్ద నిల్వ అవసరాన్ని గుంత సంప్ తీరుస్తోంది, దిగే సమయాన్ని చెరువు ఇస్తోంది.

క్వారీల్లో నమూనా మామూలుగా వాన వెలిసిన మర్నాడు ఉదయం పడతారు. అప్పటికి చెడ్డ నీరు వెళ్ళిపోయి ఉంటుంది. మేం కళింగ దగ్గర సీసాలు, టార్చి, పుస్తకం పెట్టి, నీరు పొర్లడం మొదలైన వెంటనే ఒకటి, తర్వాత గంటకొకటి పట్టే పద్ధతి పెట్టాం. మామూలు వానల్లో నీరు హద్దు లోపలే ఉంటోంది. అతి భారీ వర్షం పడిన రోజుల్లో మొదటి గంట హద్దు దాటుతోంది, తర్వాత దిగుతోంది. ఈ రెండో సంగతిని కూడా రికార్డులో అలాగే రాయించాను. ఏ గంటలో దాటిందో తెలిస్తేనే ఎక్కడి నీరు దానికి కారణమో పట్టుకోగలం. అలా వెతికితే ఈసారి క్రషర్ వెనక కొత్తగా పోసిన డస్ట్ గుట్ట బయటపడింది. దాని పాదం దగ్గర ఇంకా గోడ లేదు.

ఇప్పుడు మిగిలిన పనులు మూడు. డస్ట్ గుట్టకు గోడ కట్టాలి. తూర్పు వైపు కొత్త బెంచీ తెరిస్తే అక్కడి పైమట్టి నీరు ఈ చెరువుకు రాదు కాబట్టి అటు వేరే చిన్న చెరువు కావాలి, అది బెంచీ తెరవడానికి ముందే తయారవ్వాలి. లీజు ముగిసేనాటికి గుట్టలు పచ్చబడి, వచ్చే నీరు మందు లేకుండానే రెండు వరస వానాకాలాల పాటు హద్దు లోపల ఉంటేనే చెరువును మూసే మాట ఎత్తాలని, అంత దాకా కట్ట కాపలా జీతం యాజమాన్యమే భరించాలని మూసివేత ప్రణాళికలో రాయించే పని నడుస్తోంది.